అరుంధతీ నౌకాబంధనం

రెండువేల సంవత్సరపు భూతం సమస్త లోకంలోని కంప్యూటర్లను మింగేస్తుందని మహామహులు వణికిపోగా, అది ఏమీ మింగకుండానే తన దారిన వెళ్లిపోయిన ఆ శుభవత్సరంలో, కార్తీకమాసంలో, ఒక ఆదివారం ఉదయాన, భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో పన్నెండు నెలలూ ఒకే ఉక్కపోతతో విరాజిల్లే సింగపూర్ ద్వీపంలో, చాంగీ వైపు ఒక వాగు కడలిని కలిసే చోట, చెక్కల రేవు మీద, చేత తాడు ధరించి సీతారామారావు నిలబడ్డాడు.

ఎవరా సీతారామారావు? టోవా పాయో ఫ్లాట్ అధిపతి. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒకానొక బ్యాంకు కంప్యూటర్లకు కావలివాడు. ప్రోగ్రాముల్లో దాగిన దోషాల పాలిటి ప్రళయకాల రుద్రుడు. ఈత రానివాడు.

అతని ఎదుట నీళ్లలో ఒక తెరచాప పడవ ఊగుతోంది. పొట్టిది, పాతది, ఒక పక్క రంగు పెచ్చులు లేచినది. గ్రీకు దేశపు దీవిలో పుట్టి, ఈ ఊళ్లో ఉద్యోగం వెలగబెట్టి, తిరిగి తన దీవికి వెళ్లిపోయిన ఆండ్రియాస్ అనే పై అధికారి పోతూ పోతూ దాన్ని మనవాడికి అమ్మి, నౌకాశాస్త్రంలోని మూడు రహస్యాలను చెవిలో ఉపదేశించాడు. లంగరు ముందు దించాలి. రేవుకు తాళ్లు గట్టిగా బిగించాలి. చలికాలం రాకముందే తెరచాపలు ఊడదీసి, పైన గుడ్డ కప్పి, పడవను నిద్రపుచ్చాలి.

ఆ దీవిలో ఇవన్నీ వేదవాక్కులే. అయితే అక్కడి సముద్రం ఆటుపోట్లు పెద్దగా ఎరగని సాధువు. ఇక్కడిది పూటపూటకూ మనిషెత్తు లేచి మనిషెత్తు దిగే మాయావి. ఈ సంగతి గురువు చెప్పలేదు, శిష్యుడు అడగలేదు. అడిగినదల్లా చలికాలం ఎప్పుడని. సింగపూర్‌లో అది రాదని గురువు నవ్వాడు. శిష్యుడు నవ్వలేదు. కార్తీకంలో చలి ముదురుతుందని చిన్నప్పుడు కాకినాడలో నాయనమ్మ చెప్పింది కనుక, ఈ పడవకు శీతనిద్ర కార్తీకంలోనే అని నిశ్చయించి, నీలిరంగు టార్పాలిన్ కొని పెట్టుకున్నాడు.

పడవకు అతను పెట్టిన పేరు అరుంధతి. అది అతని భార్య పేరు. ఆమె అందుకు మురిసిపోలేదు. ప్రతి ఆదివారం మొగుణ్ణి మింగుతున్న ఆ సవతిని వదిలించుకునే దారి వెతికి, ఆ వారం మొదట్లోనే ఒక శపథం చేసింది.

"ఈసారి కార్తీక వనభోజనం మీ పడవలోనే పెడతాను. బంతి లేచేలోపు ఒక్క గిన్నె నీళ్లలో పడిందా, దాన్ని జనార్దనరావు అన్నయ్యగారికి ఇచ్చేయండి. మళ్లీ నా దగ్గర పడవ మాట ఎత్తొద్దు."

జనార్దనరావు అదే బ్యాంకులో పక్క సీటు. ఆ పడవ మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. వనభోజనానికి పిలవగానే, పడవల వాళ్లు వేసుకునే తెల్ల బూట్లు కొత్తవి కొనుక్కుని మరీ వచ్చాడు.

అంతట సీతారామారావు, నిండుపోటు మీద ఉబ్బిన జలరాశిని తృణీకరించి, లంగరును పాతాళానికి తోసి, పడవ పక్కను రేవు గుంజలకు లాగి, మోకాలు ఆనించి, పళ్లు బిగించి, ముడి మీద ముడి, దాని మీద మరో ముడి వేసి, వీణతంతుల్లా మోగేటట్లు తాళ్లను బంధించాడు. వాటిని వేలితో మీటి చూసుకుని, గురువుండే పడమటి దిక్కుకు మనసులోనే నమస్కరించాడు.

వనభోజనానికి వనం కావాలి. తేకా బజారులో దొరికిన ఉసిరికొమ్మను కుండీలో గుచ్చి అరుంధతి పడవ మధ్య నిలిపింది. దీపం పెట్టింది. పులిహోర గుండిగ, సాంబారు బకెట్టు, పెరుగు గిన్నె దిగాయి. హైదరాబాదు మిత్రుడు ఇఫ్తేఖార్ భార్య సలీమాతో సహా వచ్చాడు. కార్తీకమని ఆమె బగారన్నంలో ఉల్లిపాయ వేయలేదు. ఆ త్యాగం చేయడానికి తనకెంత గుండె నిబ్బరం కావలసి వచ్చిందో ఆమె మాటిమాటికీ చెప్పింది. అందరూ అరటాకుల ముందు బంతిగా కూర్చున్నారు.

అప్పుడు సముద్రం దిగడం మొదలుపెట్టింది.

రేవు వైపు అంచును తాళ్లు పట్టుకుని వదల్లేదు. అవతలి అంచు నీటితో పాటు కిందికి జారసాగింది. పప్పు ఆకు మీద తనంత తానే దక్షిణానికి ప్రయాణమైంది. ఆ విపత్తును మొదట కన్నది, సింగపూర్ బడి ఇంగ్లీషులో తప్ప పలకని కూతురు మహతి.

"నాన్నా, బోట్ స్లాంటింగ్ ఆల్రెడీ లా. సాంబార్ ఆల్సో."

ఇఫ్తేఖార్ తాళ్ల వంక చూసి తల పంకించాడు. "ఏంది సీతారామ్ భాయ్, పడవను కట్టినవా, బట్టల్లెక్క ఆరేసినవా?"

వీరుడు ముడుల మీదికి లంఘించాడు. అవి కదల్లేదు. పడవ బరువంతా వాటి మీదే వేలాడుతోంది. కోసేద్దామని ఇఫ్తేఖార్ అన్నాడు. కోస్తే పడవ ఒక్కసారిగా కిందికి పడి, గిన్నెలన్నీ గంగలో కలుస్తాయి. అరుంధతి గరిటె పట్టుకుని అవతలి అంచుకు ఒక అడుగు వేయగానే పులిహోర గుండిగ ఆమె వెంట జానెడు జారింది. ఆమె ఆగి, వెనక్కి వచ్చి, అందర్నీ రేవు వైపు అంచున ఒత్తుగా కూర్చోమంది. పడవ కొంచెం కుదురుకుంది. ఇక ఒక్కరు లేచి రేవెక్కినా అది ఒరిగిపోవడం ఖాయమని అందరికీ అర్థమైంది. అందరికంటే బాగా జనార్దనరావుకు అర్థమైంది.

అతను గబగబా తిని, ఆకు మడిచి, తెల్ల బూటున్న కాలు ఒకటి పైకి మడిచాడు.

"అన్నయ్యగారూ," అంది అరుంధతి మెల్లగా, "బంతిలో పెద్దవారు. మిగతావాళ్లు తింటుంటే మీరే లేస్తారా?"

తోటివారి భోజనం ముగియకుండా బంతి నుంచి లేవడం మర్యాద కాదు. ఆ ఒక్క మాటకు జనార్దనరావు కాలు మళ్లీ కిందికి దిగింది. అతని చూపు మాత్రం తింటున్నవారి ఆకుల మీద గద్దలా తిరగసాగింది. సలీమా ఆకు ఖాళీ. మహతిది ఖాళీ. ఇఫ్తేఖార్‌ది ఖాళీ. మిగిలింది సీతారామారావు.

ఆ క్షణాన వీరుడి అంతరాత్మ ఇలా గర్జించింది: "ఓరీ లవణసముద్రమా, నువ్వు ఎంతసేపు దిగుతావో దిగు. నీ అడుగున ఇసుక తేలేవరకు, నా కంఠంలో మెతుకు పట్టినంత కాలం, ఈ ఆకు ముందు నుంచి నేను కదలను."

పైకి మాత్రం, "కొంచెం పెరుగన్నం వెయ్యి" అన్నాడు.

ఆమె వేసింది. అతను తిన్నాడు. మళ్లీ వేసింది. పెరుగన్నం కొండలు లేచాయి, కూలాయి. ఎండ నెత్తికెక్కింది. చెమట ఆకులోకి కారింది. గుండిగ అంచు వైపు అంగుళం జారి ఆగింది. అతని నడుము బెల్టు మొదటి రంధ్రాన్ని, ఆపై సర్వస్వాన్నీ సమర్పించుకుంది. చిట్టచివరికి ఆ మహావీరుడు ఎత్తిన ముద్దను నోటి దాకా తేలేక, భార్య ముఖం వైపు చూశాడు. ఆ చూపులో పడవ అంతా ఉంది.

జనార్దనరావు మళ్లీ కాలు మడిచాడు.

అరుంధతి గరిటె పక్కన పెట్టింది. శపథం నెరవేరడానికి ఆమె చేయవలసింది ఏమీ లేదు. నిలబడి చూస్తే చాలు. ఆమె ఒక అరటాకు తీసి, నీళ్లు చల్లి, బంతి చివర మొగుడి పక్కన పరుచుకుంది.

"వడ్డించేదాన్ని, నేనింకా తినలేదు" అంది. "కూర్చోండి అన్నయ్యగారూ."

ఆమె తిన్నంత నెమ్మదిగా సింగపూర్‌లో అంతకు ముందు ఎవరూ తిని ఉండరు. పులిహోరలో పల్లీలు ఒక్కొక్కటే ఏరింది. ఉసిరి పచ్చడి వేలితో అంటించుకుని నాలుకకు రాసుకుంది. ఉల్లిపాయ లేని బగారన్నాన్ని సలీమాకు తృప్తి కలిగేంతగా పొగిడింది. అలా ఆమె మజ్జిగలోకి వచ్చేసరికి, పోటు మళ్లీ మొదలై, గుంజల మీద నీరు దిగుతూ వదిలిన తడి గీతల్లో అడుగుది మునిగింది. తర్వాత దాని పైది. కిర్రుమని ఒక తాడు నిట్టూర్చింది. పులిహోర గుండిగ, సిగ్గుపడినట్లు, జరిగినంత మేరా వెనక్కి జరిగింది.

ఆకు మడిచి ఆమె అంది, "వచ్చే ఏడు తాళ్లు కాస్త వదులుగా కట్టండి."

వచ్చే ఏడు అన్న ఆ రెండు మాటలు విని సీతారామారావు కళ్లు తుడుచుకున్నాడు. ఆవకాయ ఘాటన్నాడు. ఆ పూట ఎవరూ ఆవకాయ తేలేదు. జనార్దనరావు కొత్త బూట్లు విప్పి, చేత పట్టుకుని, ఒట్టి కాళ్లతో రేవెక్కాడు. సాయంత్రం మొగుడూ పెళ్లాలు కలిసి, చెమటలు కక్కుతూ, ఆ పడవకు చలి తగలకుండా టార్పాలిన్ కప్పారు.

ఆనాటి ఆ మహాసంగ్రామంలో పులిహోర మెతుకు ఒక్కటైనా సముద్రం పాలు కాలేదని ముల్లోకాలూ వినుగాక. ఈ గాథ విన్నవారి పడవలు నిటారుగా నిలుచుగాక. పడవలు లేనివారికి పక్కన కూర్చుని మెల్లగా తినేవారొకరు దొరుకుదురుగాక.