మోకాటి లోతు చెరువు

భూమి గుండ్రంగా ఉందని తేల్చుకోవడానికి మనుషులకు వేల ఏళ్ళు పట్టింది. ఫలానా భూమి భూమేనని తేల్చుకోవడానికి ఇంకెంత కాలం పడుతుందో మాత్రం ఏ శాఖా ఇంతవరకు ప్రకటించలేదు. ఆ లోటు తీర్చడానికే భూజల స్వరూప నిర్ణయ శాఖ ఏర్పడింది. ఈ శాఖ ఏడాదికొకసారి ఆకాశం నుంచి ఊళ్ళన్నిటినీ ఫొటో తీస్తుంది. ఆ ఒక్క క్షణంలో ఎండుగా కనిపించినది పొలం. తడిగా కనిపించినది చెరువు. రెండూ కానిది ప్రభుత్వ స్థలం. (రెండూ అయినదాని గురించి ఒక సంఘం వేశారు. సంఘం కూర్చుంది. ఇంకా లేవలేదు.)

ఆ ఫొటో తీసిన ఉదయం నిదానం తన పొలానికి నిండా నీళ్ళు పెట్టి ఉన్నాడు.

నిదానం అన్నది అతనికి ఊరు పెట్టిన పేరు. ఊళ్ళో మిగతావాళ్ళు ఇవాళ నీళ్ళు పెట్టి దమ్ము దున్ని రేపు నాటేసేవారు. నిదానం అలా కాదు. దున్నిన మట్టిని నీళ్ళలో బాగా నానబెట్టేవాడు. గడ్డి కుళ్ళాలి, మట్టి వెన్నలా కావాలి, పైన నీళ్ళు తేటపడి అందులో ఆకాశం కనిపించాలి. అప్పుడుగాని పొలంలో నారు వేయనిచ్చేవాడు కాదు. అతని తండ్రీ అలాగే చేసేవాడు. పొలంలో ఆకాశం కనిపిస్తే, పైనున్న దేవుడికి పొలం కనిపించినట్టేనని ఆయన నమ్మకం. ఆయన కాలంలో పైన దేవుడొక్కడే ఉండేవాడు.

ఫొటో తీసిన మర్నాడు ఫోన్‌కు సందేశం వచ్చింది. నిదానం భార్య దాన్ని పైకి చదివింది. "అభినందనలు. మీ చెరువు విజయవంతంగా నమోదైంది. చెరువులో దున్నుట, విత్తుట, నాటుట నిషేధం."

చదివి భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, మనకి చెరువుందా? ఇన్నేళ్ళ కాపురంలో నాతో ఒక్క మాటైనా అనలేదే?"

"చెరువేంటే?"

"నాకేం తెలుసు? ఎక్కడ దాచావో నువ్వే చెప్పాలి."

నిదానం నవ్వబోయి ఆగిపోయాడు. నారుమడిలో నారు నాటడానికి సిద్ధంగా ఉంది. ఇంకొన్నాళ్ళు అక్కడే ఉంటే ముదిరిపోతుంది. ముదిరిన నారు నాటితే వచ్చేది గడ్డే గాని గింజ కాదు. ఆ ఒక్క చెక్క తప్ప వాళ్ళకు వేరే పొలం లేదు. ఆ ఒక్క పంట తప్ప ఏడాది పొడుగునా ఇంట్లో పొయ్యి వెలిగించేది మరొకటి లేదు. అతను చొక్కా తొడుక్కుని శాఖ కార్యాలయానికి బయల్దేరాడు.

కార్యాలయంలో రెండు వరసలున్నాయి. ఒకటి పొలాలవాళ్ళది, ఒకటి చెరువులవాళ్ళది. నిదానం పొలాల వరసలో నిలబడి, మధ్యాహ్నానికి కిటికీ దాకా చేరితే, మీది చెరువు కదా అని పంపేశారు. చెరువుల వరసలో అతనొక్కడే. అయినా వరసలో కొంతసేపు వేచి ఉండాలన్నది నిబంధన కాబట్టి, అతను తన వెనక తానే కాసేపు నిలబడ్డాడు.

జల స్వరూప నిర్ధారణ అధికారి చాలా మర్యాదస్తుడు. ఆయన ఎవరినీ కసురుకోగా ఎవరూ చూడలేదు. (ఎవరి పనీ చేసి పెట్టగా కూడా ఎవరూ చూడలేదు.)

"అయ్యా, అది చెరువు కాదండీ. పొలం."

"నీళ్ళున్నాయా?"

నిదానం అబద్ధమాడే మనిషి కాదు. పొద్దునా సాయంత్రమూ దీపం పెట్టుకునే ఇల్లు. "ఉన్నాయండీ," అన్నాడు.

"లోతెంత?"

"మోకాటి లోతు కూడా ఉండదండీ."

అధికారి రాసుకున్నాడు. 'లోతు తక్కువ. పూడిక తీయించవలెను.'

"పూడిక కాదండీ బాబూ! అది మట్టి. అందులోనే నాటాలి."

"ఏ చెరువుకైనా అడుగున మట్టే ఉంటుందండీ. మీరు చెబుతున్నవన్నీ చెరువు లక్షణాలే."

"పోనీ, నీళ్ళు వదిలేసి ఎండబెట్టి చూపించమంటారా?"

అధికారి కలం కింద పెట్టి తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "చెరువును ఎండగట్టడమా? ఆ మాట నేను వినలేదనుకోండి. మీరూ అనలేదనుకోండి."

"మరి దీన్ని ఎప్పుడు మారుస్తారండీ?"

"వచ్చే ఏడు మళ్ళీ ఇదే రోజు ఫొటో తీస్తారు. ఆ రోజు ఎండుగా ఉంచుకోండి."

"అది నాట్ల కాలమండీ. నీళ్ళుంటాయి."

"అయితే వచ్చే ఏడు కూడా చెరువే," అన్నాడు అధికారి తేలికపడి. "చూశారా, మీ విషయంలో ఏ అయోమయమూ లేదు."

వెళ్ళేటప్పుడు అతనిచేత సంతకం పెట్టించుకుని ఒక ఇనుప బోర్డు ఇచ్చారు. 'లోతైన నీరు. ఈత కొట్టరాదు.' నిదానం దాన్ని భుజాన మోసుకొచ్చి, చెప్పిన ప్రకారం గట్టు మీద పాతాడు. ఆ సాయంత్రం ఒక కొంగ ఆ బోర్డు మీద వాలి, కాసేపు ఆలోచించి, నీళ్ళలోకి దిగింది. నీళ్ళు దాని మోకాళ్ళ దాకా కూడా రాలేదు. (అది చదువుకున్న కొంగ కాదు.)

ఇంటికి వెళ్ళి దీపం ముందు నిలబడి నిదానం చేతులు జోడించాడు. అతను దేవుణ్ణి ఎప్పుడూ ఏమీ నిలదీయలేదు. ఆ రోజు మాత్రం ఉండబట్టలేక అడిగాడు. "స్వామీ, పైనుంచి చూస్తే నీక్కూడా నీళ్ళే కనిపిస్తున్నాయా? అందులో దిగే మనుషులు కనిపించరా?"

వెనక నుంచి భార్య అందుకుంది. "పైవాడు చూస్తాడు, పైవాడు చూస్తాడు అని రోజూ అంటుంటావుగా. చూశాడు. ఇక కిందివాళ్ళని అడుగు. ముఠా అక్కకి కబురు పెట్టు."

ముఠా అక్క అంటే నాట్లకూ కోతలకూ ఆడకూలీలను కూడగట్టుకొచ్చే మేస్త్రి. వయసులో నిదానం కంటే చిన్నదే అయినా ఊరందరికీ అక్కే. కబురందగానే వచ్చి అరుగు మీద కూర్చుంది.

"నాట్లకి రావద్దక్కా," అన్నాడు నిదానం నీరసంగా. "మన పొలం చెరువైపోయింది."

"ఎవరు తవ్వారన్నా?"

"ఎవరూ తవ్వలేదు. పైనుంచి చూశారంట."

"పైనుంచి చూస్తే నాట్లేసేటప్పుడు నా నడుమే కనిపిస్తుంది. అలాగని నాకు మొహం లేదంటారా?"

"నాటకూడదని రాశారక్కా."

"సరే, నాటం. చెరువులో కాళ్ళు కడుక్కోవద్దని రాశారా? పొద్దున్నే ముఠా అంతా వచ్చి కాళ్ళు కడుక్కుంటాం. చేతిలో నారుంటే జారి పడుతుంది. పడితే వరసగానే పడుతుంది. మా చేతులకి అలవాటు."

"అది అబద్ధం కాదూ?"

"నువ్వు గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టుకో అన్నా. జారేది మా చేతుల్లోంచి. పాపమేదన్నా ఉంటే మేం కడుక్కుంటాం, ఎలాగూ నీళ్ళలోనే ఉంటాం."

మర్నాడు ముఠా పొలంలోకి దిగింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కూలీలు పనిలో ఉన్నారో లేదో తెలుసుకోవడానికి శ్రమ సంచార పర్యవేక్షణ శాఖవారి హాజరు యాప్ ఒకటుంది. మనిషి ఎక్కడున్నా ఆ చోటును అది పట్టేస్తుంది. ఆ రోజు పొద్దున అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. 'మీరు నీటిలో ఉన్నారు. దయచేసి ఒడ్డుకు రండి.' చేతులనిండా బురద ఉండడంతో ఎవరూ పట్టించుకోలేదు. మధ్యాహ్నందాకా కదలిక తక్కువగా, అదీ నీటి మధ్యలోనే ఉండడం గమనించి, యాప్ ముఠా మొత్తాన్నీ మునిగిపోయినవారి కింద జమ చేసింది.

"ఏళ్ళ తరబడి మునిగే ఉన్నాం," అంది ముఠా అక్క ఫోన్ చూసి. "దీనికి ఇవాళ తెలిసింది."

కాసేపటికి రక్షక దళం తాళ్ళతో, ఈలలతో, పడవతో సహా వచ్చింది. పడవను నీళ్ళలోకి తోసి అందరూ ఎక్కారు. ఎక్కగానే పడవ బురదలో కూర్చుంది. దళనాయకుడు పడవలో లేచి నిలబడి, అరచేతులు నోటికి ఆనించి అరిచాడు. "ఇంకా లోపల ఎవరైనా చిక్కుకుని ఉన్నారా?"

"ఉన్నారు బాబూ," అంది ముఠా అక్క అతని పక్కనే నిలబడి. "మీరే."

నాట్లు కాసేపు ఆపి, ముఠా అంతా కలిసి పడవను గట్టుకు లాగి దళాన్ని క్షేమంగా ఒడ్డుకు చేర్చింది. దళం ప్రాణాలకు తెగించి కూలీలందరినీ కాపాడిందని ఆ సాయంత్రమే రికార్డుకెక్కింది. (మునిగినవారు తిరిగి పనిలోకి వెళ్ళాలంటే తేలినట్టు ధ్రువపత్రం తేవాలి. అది మునిగినవారు స్వయంగా వస్తేనే ఇస్తారు.)

నారు నిలదొక్కుకుంది. పొలం పచ్చబడింది. నిదానం పొద్దున్నే గట్టు మీద కూర్చుని, ఆ పచ్చదనం చూస్తూ అన్నీ సర్దుకున్నాయనుకున్నాడు. అప్పుడు రెండో సందేశం వచ్చింది. 'చెరువుల తనిఖీలో మీ చెరువును పిచ్చిమొక్కలు ఆక్రమించినట్టు గుర్తించాం. వెంటనే తొలగించండి. లేనిచో శాఖవారే మందు చల్లి తొలగిస్తారు.'

పైరు అప్పుడే పొట్ట మీదుంది. రేపోమాపో కంకి బయటికొస్తుంది. నిదానం ముఠా అక్కను వెంటబెట్టుకుని, ఊపిరి తిప్పుకోకుండా కార్యాలయానికి వెళ్ళాడు.

"రండి చెరువుగారూ," అన్నాడు అధికారి ఆప్యాయంగా.

"అయ్యా, అవి పిచ్చిమొక్కలు కాదండీ. వరి."

అధికారి రాసుకున్నాడు. 'వరి జాతికి చెందిన పిచ్చిమొక్క.'

నిదానం నోరు తెరవబోతే ముఠా అక్క మోచేత్తో పొడిచింది. "తీసేస్తామండీ," అంది. "మా ముఠాయే దగ్గరుండి తీసేస్తుంది. కాకపోతే పచ్చిగా ఉండగా కదిలిస్తే మళ్ళీ చిగురేస్తుందండీ. తలకాయ వంగి, ఒళ్ళంతా పండుబారాక, అప్పుడు మొదలంటా కోసేస్తే పీడ వదులుతుంది."

"అంతవరకు మందు కొట్టించవద్దంటారు?"

"మందు కొడితే నీళ్ళు పాడవుతాయి. చెరువు కదండీ మరి."

అధికారి ఆమె వైపు గౌరవంగా చూశాడు. చెరువు మేలు కోరే మనిషి తన గదికి రావడం అదే మొదటిసారి. నిదానం వైపు తిరిగాడు. "ఈమె చెప్పింది నిజమేనా?"

నిదానం ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఆమె చెప్పిన దాంట్లో అబద్ధమేదో వెతికాడు. దొరకలేదు. "తల వంగాకే కోస్తామండీ," అన్నాడు.

అధికారి గడువిచ్చాడు. అంతేకాదు, మొక్కలు తీసేవరకు చెరువు మట్టం తగ్గకూడదని కాలవ తూముకు ఉత్తర్వు పంపాడు. ఆ ఏడు పొలాలకు నీళ్ళు వంతుల ప్రకారం వచ్చాయి, కొన్ని వంతులు అసలు రాలేదు. నిదానం చెరువుకు మాత్రం తడి ఆరలేదు. పక్క పొలాలవాళ్ళు గట్ల మీద నిలబడి, తమ నెర్రెల వైపు ఒకసారి, అతని బోర్డు వైపు ఒకసారి చూసేవారు.

కోత రోజున శాఖవారు పిచ్చిమొక్కల నిర్మూలన ఉత్సాహంగా జరిపారు. అధికారి రిబ్బను కత్తిరించి, కొడవలిని తలకిందులుగా పట్టుకుని ఫొటో దిగాడు. ముఠా పొలమంతా కోసి పనలు వేసింది. చివర్లో అధికారి నిబంధన చదివాడు. తొలగించిన చెత్తనంతా చెరువు యజమానే తన సొంత శ్రమతో ఇంటికి మోసుకుపోవలెను. నిదానం ఆ శిక్షను తలవంచుకుని స్వీకరించాడు. ఆ చెత్త అతని గాదె నిండా వచ్చింది.

"చూశావా," అంది భార్య ఆ రోజు. "పైవాడు ఎలా చూసినా, కింద గింజ గింజే అయింది."

"అదే నాకు అర్థం కావడం లేదే," అన్నాడు నిదానం దీపం వత్తి సరిచేస్తూ. "నేను ప్రతిసారీ నిజమే చెప్పాను. నిజం వల్ల ఒక్కసారీ ఉపయోగం లేకపోయింది."

మరుసటి ఏడు ఫొటో తీసే ఉదయానికి ఊళ్ళో ప్రతివాడూ నిదానంలాగే నిదానంగా మట్టి నానబెట్టాడు. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు అద్దంలా మెరిసింది. ఊరంతా చెరువులే అయ్యాయి. శాఖ ఊరికి ప్రశంసాపత్రం పంపింది, ఇంటింటికీ బోర్డులు పంపింది. కాళ్ళు కడుక్కునే పనికి ముఠా అక్కకు తీరిక లేకుండా పోయింది.

కాని నాట్లయ్యాక ఆ ఏడు వాన పడలేదు. చెరువులన్నిటికీ ఎడతెగకుండా నీళ్ళివ్వాలని తూముకు ఉత్తర్వయితే వచ్చింది, కాలవలోనే నీళ్ళు లేవు. పొట్ట మీదున్న పైరు పొట్ట మీదే ఎండింది. నిదానం పొలంలో నడిస్తే కాలి కింద మట్టి పెళ్ళలు విరిగిన చప్పుడు వచ్చింది. బోర్డు మాత్రం నిటారుగా నిలబడే ఉంది. 'లోతైన నీరు.'

పంట పోయినవాళ్ళకు సాయం ఇస్తున్నారని విని నిదానం ఊళ్ళోవాళ్ళందరి తరఫునా కార్యాలయానికి వెళ్ళాడు. ఈసారి పొలాల వరస లేదు. ఆ కిటికీ మూసేసి ఉంది.

"సాయం రైతులకండీ," అన్నాడు అధికారి అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి. "మీ ఊళ్ళో రైతులెవరున్నారు?"

"నేనండీ. మేమందరమూనండీ."

అధికారి తెర అతని వైపు తిప్పాడు. ఊరి పేరు పక్కన చెరువులు వరసగా ఉన్నాయి. రైతులు అన్నచోట ఖాళీ ఉంది.

నిదానం రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. "ఇవి చూడండయ్యా. పైనుంచి కాదు. ఇక్కణ్ణుంచి చూడండి."

అధికారి ముందుకు వంగి, కళ్ళజోడు సవరించుకుని, ఆ కాయలు కాచిన చేతులను శ్రద్ధగా, చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళలో నిజంగానే జాలి కనిపించింది.

"ఒక విధంగా మంచిదేనండీ," అన్నాడు. "మీ ఊళ్ళో రైతులు లేకపోబట్టి సరిపోయింది. ఉండుంటే పాపం, ఈ ఏడు చాలా బాధపడేవాళ్ళు."