ప్రాసెసర్‌కు చెమట పట్టరాదు

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది మా సంతోషికి నెమ్ము చేస్తుందేమోనని. పాకే పిల్ల, పైగా వానాకాలం. మా ఆయన కొమురెల్లి భయపడేది కంప్యూటర్ ప్రాసెసర్ మీద నీటిచుక్క చేరుతుందేమోనని. నాచారంలో మేముండేది ఒకటే గది కనుక, రెండు భయాల్లో ఒకదానికే శాఖ మంజూరైంది. పేరు తేమ నివారణ శాఖ. అధికారి మా ఆయనే. (అప్పీలు చేసుకోవలసిందీ ఆయనకే.)

ఆయన పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తారు. పని తొందరగా తెమలాలని ప్రాసెసర్‌ను కంపెనీవాడు చెప్పినదానికన్నా వేగంగా ఉరికిస్తారు. అది కాగుతుంది. కాగకుండా మల్లాపూర్ పాత సామాన్ల కొట్లోంచి పెల్టియర్ పలక తెచ్చి బిగించారు. కరెంటిస్తే దానికి ఒకవైపు మంచు, ఇంకోవైపు నిప్పు. ఐసునీళ్ల చెంబుకు పట్టినట్టే మంచువైపు గాలిలోని తేమ చుక్కలు కడుతుంది. చుక్క జారి బోర్డు మీద పడితే అంతా ఖతం. (ఇది బడిలోనే చెబుతారట. నేను తొమ్మిది సగంలో ఆపాను, మిగతా సగంలో చెప్పి ఉంటారు.)

"చల్లదనం జర తగ్గిస్తే చుక్క పట్టదు గద?" అన్నాను.

"స్పీడు గూడ తగ్గుతది. నీకు తెల్వది, ఊకో."

పలకకు గాలి తగలకుండా చుట్టూ మూయడానికి సంతోషి పక్కలోని రబ్బరు షీటును శాఖ స్వాధీనం చేసుకుంది. సందుల్లో పూయడానికి పిల్ల వాజిలిన్ డబ్బా. ఆ రోజు నుంచి ప్రాసెసర్ పొడిగానూ, పరుపు తడిగానూ ఉంటున్నాయి.

తర్వాత నిబంధనలు వచ్చాయి. గదిలో గంజి వార్చరాదు. బట్టలు ఆరేయరాదు. పిల్లకు ఆవిరి పట్టరాదు.

"ఏంరా, నేను ఊపిరి దీస్కోవచ్చునా?" అంది మా అత్తమ్మ సారలమ్మ.

"జర అటు దిక్కు తిరిగి తీస్కోయే." (ఈ సడలింపు వృద్ధులకు మాత్రమే.)

పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. దవాఖానాలో డాక్టరమ్మ పొడిగా ఉంచమంది. ఆ సంగతి శాఖకు విన్నవించాను.

"దగ్గితె గూడ తేమనే వస్తది. జర మెట్ల కాడ కూసోరాదు?" అన్నారు.

పిల్లను చంకనేసుకుని మేడిపల్లిలో మా అమ్మ దగ్గరికి బయల్దేరాను. ఆయన గుమ్మం దాకా వచ్చారు. ఆపుతారేమో అనుకున్నాను.

"తలుపు దగ్గరికేసి పో. తేమ గాలి వస్తది."

ఇప్పుడు సంతోషికి దగ్గు తగ్గింది. శాఖ కూడా ఘనవిజయం సాధించింది, ప్రాసెసర్ మీద ఒక్క చుక్క లేదట. అత్తమ్మే మా వెంట రాలేదు. "వానికి బువ్వెవరు వండుతరే?" అంది. ఉడికే అన్నం ఆవిరి వదులుతుంది కనుక, ఆమెను పొయ్యితో సహా మెట్ల కిందికి బదిలీ చేశారు. నిన్నటి నుంచి ముసురు. ఫోన్ చేసి ఎట్లున్నవత్తమ్మా అంటే, "మంచిగున్న బిడ్డా" అంది. ఆ వెంటనే దగ్గు వినిపించింది. సంతోషిది కాదు, అది నా ఒళ్లో నిద్రపోతోంది.

నాచారం దిక్కు పోయేవాళ్లెవరైనా మా మెట్ల కింద ఒక్కసారి వంగి చూసి రండి. గదిలోకి వెళ్లనక్కర్లేదు. అక్కడంతా పొడిగానే ఉంది.