నా పెరట్లో దొరికిన గ్యాపు

ప్రాంతీయ నడక, సైకిలు బాటల అనుసంధాన సమితికి గౌరవాధ్యక్షుడు, ప్రజారోగ్యానికి పెద్ద దిక్కు, నాకు స్వయానా అక్క మొగుడు అయిన అడుగుల బావ నా పెరడు మింగేశాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది స్థిమితంగా రాయగలను.

అడుగుల బావ అన్న పేరు ఆయన నడిచి సంపాదించింది కాదు. చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం ఉంటుంది. కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపుతూ మాట్లాడితే సాయంత్రానికి ఆరేడు వేల అడుగులు పడతాయి. ఉపన్యాసం ఉన్న రోజు పదివేలు. వీధి చివర క్షవరానికి మాత్రం కారులో వెళతాడు.

నాది సైకిళ్ళ మరమ్మతు దుకాణం. దాని వెనక పెరడు. పెరటికి ఒక పక్క కాలవ గట్టు బాట ఆగిపోతుంది, రెండో పక్క పార్కు బాట మొదలవుతుంది. రెండు పక్కలా పెరటి గోడలో ఆరడుగుల సందు, మధ్యలో నలభై అయిదు అడుగులు నావి. మా నాన్న నాటి నుంచీ జనం అందులోంచే నడిచేవారు. పోస్ట్‌మన్, పంతులమ్మ, ఆస్పత్రి నర్సు, ఎవరినీ ఆపింది లేదు. పోతూ పోతూ గాలి కొట్టించుకునేవారు, పంక్చర్ వేయించుకునేవారు. నా పొయ్యి వెలిగేది వాళ్ళ రాకపోకల మీదే. మా అక్క కూడా కుట్టుపనికి రోజూ అటే వెళ్ళేది. ఆ ఇంట్లో నిజంగా నడిచే మనిషి ఆవిడొక్కతే.

ఒకరోజు బావ ఓ ఇంజనీరును వెంటబెట్టుకొచ్చాడు.

"ఇదిగో సార్, గ్యాపు ఇక్కడే," అన్నాడు పెరటి మధ్యన నిలబడి.

నేను కిందికి చూశాను. నేలే ఉంది.

"గ్యాపెక్కడ బావా? జనం నడుస్తూనే ఉన్నారుగా."

"నేల మీద నడుస్తున్నారయ్యా, మ్యాపులో నడవటం లేదు," అన్నాడు ఇంజనీరు.

ఇంతలో పంతులమ్మ సైకిలు మీద వచ్చి, "కాస్త జరగండి సార్," అంది. ఇంజనీరు మర్యాదగా పక్కకు జరిగి ఆవిడకు దారిచ్చి, పుస్తకంలో 'దారి లేదు' అని రాసుకున్నాడు.

"ఆరడుగుల వెడల్పు ఇవ్వు, చాలు," అన్నాడు బావ. "దాత అని నీ పేరు రాయి మీద చెక్కిస్తాను బావమరిదీ."

ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. పలక మీద నిలవని పేరు రాయి మీదైనా నిలుస్తుందనుకున్నాను. సంతకం పెట్టాను.

నాలుగు రోజుల్లో ఎర్ర పలకలు పరిచారు. అయిదో రోజు రెండు కొసలా రేకుల కంచె కట్టి బోర్డు పెట్టారు: 'ఈ బాట ప్రజలకు అంకితం. ప్రవేశం నిషేధం.' ప్రారంభోత్సవం కాని బాటను తొక్కకూడదట. జనం పెద్ద రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టారు. నా గాలి పంపుకు సెలవులొచ్చాయి.

అక్క కుంటుకుంటూ వచ్చి దుకాణంలో కూలబడింది.

"మీ బావ గ్యాపు మూశాక నాకు రోజూ అరగంట ఎక్కువ నడక పడుతోందిరా. మోకాళ్ళు పోయాయి."

"బావకు చెప్పలేకపోయావా?"

"చెప్పాను. ఒంటికి మంచిదేలే అని ఆ గడియారం నా చేతికి కట్టి పంపుతున్నాడు. ఇంటికి రాగానే విప్పి తను కట్టుకుంటున్నాడు."

ప్రారంభోత్సవం మాత్రం రెండుసార్లు వాయిదా పడింది. కారణం, రిబ్బను కత్తిరించడానికి రావలసిన పెద్దాయన, ఆయన పరివారం కార్లు పెట్టుకోవడానికి చోటు లేదు.

"నడిచి రావచ్చుగా బావా, నడక బాటేగా," అన్నాను.

"పెద్దాయన్ను నడిపిస్తావా? కాస్త మర్యాద నేర్చుకో. మిగతా పెరడు కూడా ఇచ్చేయ్. ఒక్క పూటకే."

ఇవ్వకపోతే ప్రారంభం కాదు. ప్రారంభం కాకపోతే కంచె తీయరు. కంచె తీయకపోతే జనం రారు. జనం రాకపోతే నాకు పూట గడవదు. రెండో సంతకం పెట్టాను. కాగితంలో 'శాశ్వతంగా' అన్న మాట ఉందని తరవాత చదివి చెప్పింది పంతులమ్మ.

పదకొండు కార్లు వచ్చాయి. పెద్దాయన రిబ్బను కత్తిరించి, ఫోటోకు సరిపడా ఏడడుగులు నడిచి, 'గ్యాపులు: సున్న' అని ప్రకటించాడు. మూడు నెలల్లో అందరికన్నా ఎక్కువ అడుగులు వేసినందుకు బావ మెడలో పతకం వేశాడు. వేదికకు నాలుగు మెట్లు ఎక్కినందుకే బావ ఇంకా రొప్పుతున్నాడు.

వెనక వరసలోంచి అక్క లేచింది. "అయ్యా, ఆ పతకం నా మోకాలికి కట్టండి. వాపు మీద బిగుతుగా ఉంటుంది."

పెద్దాయన హాస్యమనుకుని చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు కాబట్టి అందరూ కొట్టారు.

తరవాత రాయి మీద గుడ్డ తీశారు. పెద్దాయన, బావ, ఇంజనీరు, కాంట్రాక్టరు, చివరికి టెంటు వేసినవాడి పేరు కూడా ఉంది. నాది లేదు.

"రాయి నిండిపోయింది బావమరిదీ," అన్నాడు బావ, చెయ్యి ఊపుతూ.

అందరికీ కనపడాలని ఆ రాయిని బాట మొదట్లో సరిగ్గా నడిమధ్యన పాతారు. నాలుగడుగుల వెడల్పు రాయి, ఆరడుగుల బాట. అటొక అడుగు, ఇటొక అడుగు. ఒళ్ళు అడ్డంగా తిప్పుకుని మనిషి దూరగలడు. సైకిలు దూరదు. పంతులమ్మ ఇప్పటికీ పెద్ద రోడ్డు మీదుగానే పోతోంది. బావ కారు రోజూ నా పెరట్లోనే ఆగుతుంది. నడకకు వచ్చానంటాడు, కారులోనే కూర్చుని గడియారం ఊపి వెళ్ళిపోతాడు.

నడిచేవాళ్ళ బాటకు పోయింది ముప్ఫై గజాలు. నడవనివాళ్ళ కార్లకు పోయింది నూట యాభై. వెరసి నా పెరడు నూట ఎనభై గజాలు.