రెండో అంతస్తు ఫొటోగ్రాఫర్

ఉదయం ఎనిమిదింటికే దర్జీ మాస్టారి కూతురు తండ్రి చేతిలో ఒక చిరునామా చీటీ పెట్టింది. "నాన్నా, ఇతను పన్నెండోవాడు. ఇతను కూడా నచ్చకపోతే నా పెళ్లికి నువ్వే కత్తెర పక్కనపెట్టి కెమెరా పట్టుకో."

మాస్టారి బాధ వేరు. ముప్ఫై ఏళ్లుగా మనుషుల్ని అంగుళాల్లో చూసిన కళ్లు ఆయనవి. ఇప్పటికి పదకొండు మంది ఫొటోగ్రాఫర్ల ఆల్బమ్‌లు తిరగేశారు. అమ్మమ్మ మొదలు మనవరాలి దాకా అందరి ముఖాలూ ఒకే అచ్చులో పోసినట్టు నున్నగా ఉన్నాయి. "ముడతలు నేనూ తీస్తాను, బట్టల్లో! మనుషుల్లో తీసేస్తే ఇంకేం మిగులుతుంది?" అని ప్రతిసారీ ఆల్బమ్ మూసి లేచి వచ్చేశారు. ఈసారి మాత్రం పదింటికల్లా ఈ పని తేల్చేసి దుకాణం తెరవాలనుకున్నారు.

చీటీలో మూడో అంతస్తు అని ఉంది. రెండో అంతస్తుకే ఆయాసం వచ్చి ఆగారు. ఎదురుగా తలుపు మీద బోర్డు: 'జరిగింది జరిగినట్టు ఫొటోలు తీయబడును.' ఆ మాటకే మాస్టారు సగం పడిపోయారు. లోపల గోడ మీది ఫొటో చూసి మిగతా సగం కూడా పడిపోయారు. అది చిరిగిన కారు సీటు. తెగిన కుట్టులో దారం పోగుపోగూ లెక్కపెట్టొచ్చు. కుట్టునే ఇంత శ్రద్ధగా తీసినవాడు మా అమ్మాయిని ఇంకెంత బాగా తీస్తాడో అనుకున్నారు.

ఆయనకు తెలియనిదల్లా ఒక్కటే. అక్కడ కూర్చున్న బక్కపల్చటి మనిషి బీమా కంపెనీల కోసం ప్రమాదాల ఫొటోలు తీసేవాడు. కాలిన సోఫాలు, కూలిన గోడలు, సొట్టపడిన బళ్లు తప్ప అతని కెమెరా ఇంకేమీ ఎరగదు.

"ఎప్పుడు జరిగిందండీ?" అన్నాడతను లెన్సు తుడుస్తూ.

"ఇంకా జరగలేదండీ. వచ్చే నెల పన్నెండున."

తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. "తేదీ ముందే పెట్టేసుకున్నారా?"

"అవునండీ. రెండువైపుల వాళ్లం కూర్చుని మాట్లాడుకునే పెట్టుకున్నాం."

"ఎంతమంది ఉన్నారు ఇందులో?"

"తక్కువలో తక్కువ మూడు వందల మంది. అందరూ మావాళ్లే. కానీ అంతా మా అమ్మాయి చుట్టూనే నడవాలి."

"ఆవిడ ఒప్పుకుందా?"

"గంటల తరబడి అలా నిలబడటం నావల్ల కాదంది. ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చిందండీ!"

బీమా ఫొటోగ్రాఫర్ దొంగ క్లెయిములు చాలా చూశాడు కానీ, కన్నకూతుర్నే అడ్డుపెట్టి, నవ్వుతూ తేదీ చెప్పే మనిషిని చూడలేదు. ఆదివారం అందరూ తన ఇంట్లోనే కలుస్తున్నారనీ, వచ్చి నాలుగు ఫొటోలు తీసి చూపించమనీ మాస్టారు అడగ్గానే, "తప్పకుండా వస్తాను. అప్పటిదాకా ఇంట్లో ఏదీ కదపకండి" అన్నాడు గంభీరంగా.

మాస్టారు మురిసిపోయారు. ఇంటికెళ్లి, "వాడు మనిషి కాదే, భూతద్దం!" అని భార్యకు చెప్పారు.

ఆదివారం అతను మెడలో కొలత టేపుతో దిగాడు. అది చూసి మాస్టారి గుండె ఉప్పొంగింది. అతను గడప నుంచి సోఫాకు దూరం కొలిచాడు. మోకాళ్ల మీద కూర్చుని మెట్టు మీది పగులు, ఊడిపోయిన కిటికీ గడియ, పెళ్లికొడుకు బూటుకి అరిగిన మడమ తీశాడు.

"అన్నయ్యగారూ, మావాడి బూటు ఎందుకండీ?" అంది పెళ్లికొడుకు తల్లి.

"కళ చెల్లెమ్మా, కళ!"

ఫొటోగ్రాఫర్ నేరుగా ఆవిడ దగ్గరకే వచ్చాడు. "మీకూ దీనికీ సంబంధం ఏమిటండీ?"

"బాగుంది! అసలు సంబంధమే మాది!"

అతను ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత పెళ్లికూతురి ఎదుటికెళ్లి, గొంతు తగ్గించాననుకుని గది అంతా వినబడేలా అడిగాడు. "భయపడకండమ్మా. మిమ్మల్ని దీనికి బలవంతంగా ఒప్పించారని మీ నాన్నగారే చెప్పారు. ఒక్కమాట అనండి, ఇప్పుడే ఆపించేస్తాను."

పెళ్లికొడుకు తల్లి లేచి నిలబడింది. "బలవంతమా? ఏమిటిది అన్నయ్యగారూ?"

"అది... ఫొటోలకి నిలబడటం గురించమ్మా!" మాస్టారు కంగారుగా చేతులు అడ్డంగా ఊపారు.

"ఏమండీ, ఎవర్ని తీసుకొచ్చారండీ ఇంటికి?" అంది భార్య. పెళ్లికొడుకు తల దించుకుని, "ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పేయమనండి. నేనేమీ అనుకోను" అన్నాడు. మూడు నెలలుగా ఆ పిల్ల అతనితో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. వెళ్లిపోదామని గుమ్మం వైపు రెండడుగులు వేశాడు కూడా.

"నన్నెవరూ బలవంతపెట్టలేదు!" పెళ్లికూతురు అరిచినంత పని చేసింది. "ఈయన్ని చూసిన రోజే అమ్మతో చెప్పాను, చేసుకుంటే ఈయన్నే చేసుకుంటానని!"

ఇంత గొడవలోనూ కెమెరా మాత్రం చప్పుడు చేస్తూనే ఉంది. తర్వాత ఫొటోగ్రాఫర్ మెల్లగా అడిగాడు. "చేసుకోవడమంటే... పెళ్లా?" విషయం తెలిశాక, "నేను ప్రమాదాల ఫొటోలు తీసేవాణ్ణండీ" అంటూ మెట్టు మీద కూలబడ్డాడు. ముందు నవ్వింది పెళ్లికొడుకు తల్లే. నవ్వి నవ్వి కళ్లు ఒత్తుకుంది.

రెండు రోజుల తర్వాత అతను క్షమాపణ చెప్పడానికి ఒక కవరుతో దుకాణానికి వచ్చాడు. మాస్టారు ఫొటోలు ఒక్కొక్కటే కత్తిరింపు బల్ల మీద పరిచారు. లేచి నిలబడ్డ ఆవిడ ముఖంలో కోపం ఉంది. ఆ కోపం వెనక, ఇంత మంచి పిల్ల చేజారిపోతుందేమోనన్న దిగులు ఉంది. గుమ్మంలో వెనక్కి తిరిగిన అబ్బాయి ముఖం దీపం పెట్టినట్టు వెలుగుతోంది. అందరి ముడతలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మాస్టారు ఫొటోలన్నీ మళ్లీ మొదటి నుంచి చూశారు.

"పెళ్లికి మీరే రావాలి" అన్నారు చివరికి.

"నవ్వే మనిషిని ఎప్పుడూ తీయలేదండీ."

"ఆ నవ్వేదేదో మేం నవ్వుతాం. మీరు చూసింది తీయండి చాలు."

ఆ పెళ్లి ఆల్బమ్ చూసినవాళ్లంతా మొదటి పేజీకి మళ్లీ వెళ్లారు. ఆనాటి చీటీలోని మూడో అంతస్తు ఫొటోగ్రాఫర్ కూడా దిగివచ్చి రెండుసార్లు చూసి మెట్లెక్కి వెళ్లాడు. ఆఖరి పేజీలో మాత్రం, అలవాటు కొద్దీ, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: 'సంఘటన ఉదయం పది నలభైకి జరిగింది. ఇరుపక్షాల్లో ఎవరికీ గాయాలు లేవు, ఇప్పటివరకైతే.'