కరవని తోడేలు

ఆ ఆదివారం సుచరిత పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం భోజనం వేళకల్లా తోడేలు చేత మనిషిని కరిపించి, ఆ సంగతి ఆఫీసుకు చెప్పి, సాయంత్రం దాకా ఒళ్లు తెలియకుండా పడుకోవాలి.

మనిషీ తోడేలూ కంప్యూటర్లోనే ఉన్నారు. వీడియో గేములు బజారులోకి రాకముందే వాటిలో తప్పులు పట్టే ఉద్యోగం ఆమెది. మంచు అడవిలో చిక్కుకున్న ఒంటరి మనిషి నిప్పు రాజేసుకుని, మృగాల వాత పడకుండా బతికి బయటపడాలి; అదీ ఆట. ఆకలేసిన తోడేలు నెత్తురు వాసన పట్టాలి, మనిషి చుట్టూ తిరగాలి, అతను వెనుదిరగ్గానే మీద పడాలి. ఈ తోడేలు మాత్రం వాసన చూసి, పక్కన కూర్చుని తోక ఊపుతోంది. రేపటికి అది కరవకపోతే, ఆట తయారు చేయిస్తున్న విదేశాల వాళ్లు పని వెనక్కి తీసుకుంటారనీ, అప్పుడు జట్టులో ఎవరికీ ఉద్యోగాలు ఉండవనీ మేనేజరు కృష్ణప్రసాద్ ముందే చెప్పాడు.

ఆఫీసు మెట్ల మీద జారి ఆమె చీలమండ బెణికింది. సెలవు అడిగితే, కంప్యూటరునే పెద్ద డబ్బాలో పెట్టి ఆటోలో ఇంటికి పంపారు. ఆ ఇల్లు యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో, మేడ మీద పోర్షన్. అది రెండు వేల ఏడో సంవత్సరం. ఆ సందులో సెల్‌ఫోన్ సిగ్నల్ బాల్కనీ చివరన మాత్రమే అందేది, అక్కడ కూడా అరిస్తేనే అవతలివాళ్లకు వినపడేది. సుచరిత కుంటుకుంటూ వెళ్లి, అదే ఆటలో ఎలుగుబంటిని పరీక్షిస్తున్న రూపకు ఫోన్ చేసి అరిచింది.

"రూపా, వినపడుతోందా? అది తినట్లేదు! ఆకలితో మాడ్చి చూశాను. మనిషిని ఎదురుగా నిలబెట్టాను. కాలికి గాయం చేసి రక్తం కార్చినా ముట్టుకోలేదు!"

కింద వాకిట్లో బియ్యం ఏరుతున్న ఇంటావిడ సక్కుబాయి తలెత్తి చూసింది. సుచరిత కాలికి కట్టు కనిపించింది.

"ఇవాళ ఎవర్నో ఒకర్ని కరిస్తేగానీ మన ఉద్యోగాలు దక్కవు. నీ ఎలుగుబంటి సంగతేంటి? ముగ్గుర్ని చంపిందా! అదృష్టవంతురాలివి తల్లీ!"

సక్కుబాయి చేట అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది. ఆమె భర్త ఆగయ్య రైల్వేలో పనిచేస్తాడు. డ్యూటీ దిగి వచ్చి అప్పుడే నడుం వాల్చాడు.

"ఇగో, లే! పైన పిల్ల తోడేలును సాదుతున్నది."

"ఏం తోడేలే? మస్తు అలిసిపోయి వచ్చిన. జర పండనియ్యి."

"నా చెవులతోని విన్న. దానికి మనుషుల నెత్తురు చూపిస్తున్నదట. మెట్ల మీద పడ్డనని మనకు అబద్ధం చెప్పింది. కాలును కరిసింది గదే!"

అదే సమయానికి పైన కంప్యూటర్లో తోడేలు గుర్రుమన్న శబ్దం కిందికి వినపడింది. ఆగయ్యకు నిద్ర పూర్తిగా వదిలింది.

"మొన్న ఆటోల పెద్ద డబ్బా దిగింది చూడు," అన్నాడు మెల్లగా. "గా డబ్బలనే తెచ్చిండ్రు."

అతను మునివేళ్ల మీద మెట్లెక్కి, పై పోర్షన్ తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టి వచ్చాడు.

"పిల్ల లోపల ఉండంగనే గొళ్లెం పెట్టినవా?"

"మరి నన్ను లోపలికి పొమ్మంటవా?"

సక్కుబాయికి మనసు ఒప్పలేదు. వాకిట్లో నిలబడి కేకేసింది.

"బిడ్డా! నీ దానికి తినేటందుకు ఏమన్న పెట్టినవా?"

ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడే సుచరిత తన పని గురించి వివరంగా చెప్పింది. సక్కుబాయికి అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదని ఆమెకు తెలియదు. పాపం, ఆంటీకి కూడా ఆట మీద ఆసక్తి పుట్టిందనుకుంది.

"పెట్టానాంటీ. మూతి కూడా పెట్టట్లేదు."

"ఇంక ఎన్ని దినాలుంటది?"

"రేపు ఆఫీసు వాళ్లొచ్చి తీసుకెళ్తారు."

"మీ ఆఫీసుల గిసొంటియి ఇంక ఉన్నయా?"

"బోలెడున్నాయి. ఎలుగుబంటి మా రూప దగ్గరుంది, సైదాబాద్‌లో, వాటర్ ట్యాంక్ పక్కన ఇంట్లో," అని చెప్పి సుచరిత నీరసంగా లోపలికి వెళ్లిపోయింది.

ఎలుగుబంటి మాటతో సందంతా వాకిట్లోకి వచ్చేసింది. ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు, ఒకరు జూకి చేశారు. మూలమీది మటన్ దుకాణం ఖాదర్ భాయ్ ఒక పొట్లం తెచ్చి, బాల్కనీ నుంచి వేలాడుతున్న కూరగాయల బుట్టలో పెట్టి, పైకి లాక్కోమన్నట్టు తాడు కదిపి కేకేశాడు.

"మేడమ్, యే ఖిలా దో! ఫికర్ నక్కో కరో!"

ఇది తినిపించండి, దిగులు పడకండి అన్న అతని ఉర్దూ సుచరితకు అర్థం కాలేదు. ఆమె శాకాహారి. బుట్ట లాగి చూసి, ఎవరిదో పొట్లం పొరపాటున తనకొచ్చిందనుకుంది. దిగి వెళ్లి అడిగే ఓపిక లేక, ముక్కు మూసుకుని దాన్ని బాల్కనీ మేకుకు తగిలించి వెళ్లి కూర్చుంది. కాసేపట్లో వీధికుక్కలన్నీ దాని కింద చేరాయి. గేములో తోడేలు మోర ఎత్తి ఊళ వేసింది. కింద కుక్కలన్నీ బదులు పలికాయి. ఇక సందులో ఎవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు.

బాల్కనీలో వదిలిన ఫోన్ మోగింది. రూప ఏడుపు గొంతుతో మాట్లాడుతోంది.

"ఏంది సుచీ గిది? మా ఇంటి ముందట పోలీసోల్లు నిలబడ్డరు. ఎలుగుబంటిని అప్పజెప్పమంటున్నరు. ముగ్గుర్ని చంపిందట గద, శవాలు ఏడున్నయని మా అమ్మను అడుగుతున్నరు!"

"వాళ్లకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పినవంట!"

సుచరిత కుంటుకుంటూ తలుపు దగ్గరకు వెళ్లింది. లాగితే అది తెరుచుకోలేదు. రెండు చేతులతో బాదింది.

"అమ్మో, తలుపు కొడుతున్నది!" అని అవతల ఆగయ్య అరిచాడు.

"అంకుల్, నేనండీ!"

"బిడ్డా, నువ్వు పక్కకు జరుగు! దాన్ని తలుపు దిక్కు రానియ్యకు!"

ఇంతలో జూ వాళ్లు ఇంటి నుంచి పిలిపించి పంపిన ఉద్యోగి రామలింగం వల భుజాన వేసుకుని వచ్చాడు. అతనికి ఆ రోజు వారపు సెలవు.

"ఆదివారమే దొరుకుతయి గివన్నీ," అని నిట్టూర్చి, గొళ్లెం తీసి, కళ్లు మూసుకుని వల విసిరాడు.

వల సుచరిత మీద పడింది. వెనక నుంచి సందు సగం లోపలికి తోసుకొచ్చింది.

"ఏదమ్మా తోడేలు?" అన్నాడు రామలింగం కళ్లు తెరిచి.

ఏడవడానికి కూడా ఓపిక లేక ఆమె వల కన్నంలోంచి వేలు చూపించింది. బల్ల మీద, కంప్యూటర్ తెరలో, తోడేలు మంచులో కూర్చుని తోక ఊపుతోంది.

అందరూ తెర దగ్గరికి వంగి చూశారు.

"గింతేనా?" అంది సక్కుబాయి. ఆమె గొంతులో కోపం కన్నా నిరాశే ఎక్కువ వినిపించింది. ఖాదర్ భాయ్ తన పొట్లం కోసం బాల్కనీలోకి వెళ్లాడు. రామలింగం సెల్ తీసుకుని అతని వెనకే వెళ్లి, సైదాబాద్ ఎలుగుబంటి కూడా ఇదే రకమని పోలీసులకు అరిచి చెప్పాడు. ఆగయ్యకు సిగ్గేసింది. ఉన్న ఒక్క కుర్చీలో కూలబడి, ఆనుకోవడానికి చేతులు బల్ల మీద పెట్టాడు. అవి కీబోర్డు మీద పడ్డాయి.

తెరలో మనిషి పరుగు అందుకున్నాడు.

"ఉరకకు! ఉరికితే ఎంట పడ్తది!" అని ఒకరు అరిచారు.

"చెట్టెక్కు అన్నా!" అని ఇంకొకరు.

ఆగయ్య కంగారులో దొరికిన మీటలన్నీ నొక్కాడు. తోడేలు లేచింది. గాలి వాసన చూసింది. మనిషి చుట్టూ ఒక చుట్టు తిరిగి, వెనక నుంచి ఎగిరి మెడ పట్టుకుంది. సందంతా ఈల వేసింది.

"కరిచింది!" సుచరిత వలలోనే ఒంటి కాలి మీద గంతేసింది. "అంకుల్, ఏం నొక్కారు?"

"నాకేం ఎరుక బిడ్డా! అన్నీ నొక్కిన!"

బాల్కనీలో మళ్లీ ఫోన్ మోగింది. ఆమె వలను ఈడ్చుకుంటూ వెళ్లింది. అవతల కృష్ణప్రసాద్ మహా ఉషారుగా ఉన్నాడు.

"సుచరితా, శుభవార్త! ఆ తోక ఊపే తోడేలు విదేశాల వాళ్లకి తెగ నచ్చేసింది. కరిచేవి అందరి దగ్గరా ఉన్నాయట, స్నేహం చేసేది ఎక్కడా లేదట. ఇంకో ఏడాది పని మనకే ఇచ్చారు. ఒక్కటే షరతు, అది ఎట్టి పరిస్థితుల్లోనూ ఎవర్నీ కరవకూడదు. ఇప్పుడైతే కరవట్లేదుగా?"

సుచరిత వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఆగయ్య రెండో మనిషిని కూడా తోడేలుకు అప్పగించేశాడు. తన వంతు కోసం రామలింగం పక్కనే నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం సార్," అంది.

లోపలికి వచ్చి, ఆగయ్యను లేపి, వలలోంచి చేతులు బయటికి తీసి, తప్పుల పట్టీలో కొత్త తప్పు నమోదు చేసింది: "తోడేలు కరుస్తోంది."