గుండీల్లేని కోటు

రంజాన్ నెల ముగింపుకొచ్చింది. కైరవాన్ పట్నంలో చలి ఎముకలు కొరుకుతోంది. ఆ పొద్దున తీజానీ పెట్టుకున్న పని చాలా చిన్నది. పెట్టెలోంచి ఉన్ని బుర్నూసు, అదే తలముసుగున్న నిలువు శాలువా, తీసి, నాఫ్తలీన్ వాసన పోయేలా ఎండలో ఆరేసి, సాయంత్రం ఇఫ్తార్‌కి వచ్చే అక్క దలండా ఎదుట దాన్ని నిండా కప్పుకుని కూర్చోవాలి. తల్లి పోయాక అతణ్ణి పెంచి పెద్దచేసిన ఆ అక్కే రెండు చలికాలాలు మగ్గం ముందు కూర్చుని దాన్ని నేసింది. రోజూ అదే కప్పుకుంటున్నానని తీజానీ ఏడాదిగా ఫోనులో కోతలు కోస్తున్నాడు. నిజానికి మాసిపోతుందని ఒక్కసారీ కప్పుకోలేదు.

పెట్టె తెరిస్తే నాఫ్తలీన్ ఉండలు తప్ప ఏమీ లేవు.

"నజీహా! బుర్నూసేదీ?"

"నన్నడుగుతారేం? తాళంచెవి మీ దిండు కిందేగా ఉండేది!" అంది భార్య, ఉల్లిపాయలు తరుగుతూ.

ఎనిమిదేళ్ల ఎమ్నా గోడకు అంటుకుపోయి నిలబడింది. "నిన్న నేనే దానమిచ్చేశా నాన్నా."

"ఎవరికే తల్లీ?"

"చెప్పకూడదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి కూడా తెలియకూడదన్నావుగా. చెబితే పుణ్యం పోతుంది."

అన్నమాట నిజమే. కిందటేడు పిల్లకి దానగుణం నేర్పుతానని, గుండీలూడి అస్తరు చిరిగిన తన నీలంకోటును వీధి మొదట్లో చెప్పులు కుట్టేవాడికి అంటగట్టి, దారిపొడుగునా ఈ పాఠమే చెప్పాడు. ఆ కోటు ఎవరిదో తెలియకపోవడమే అప్పట్లో అతనికీ క్షేమం.

"అలాంటి పాతది ఏదో ఇవ్వకుండా అంత మంచిది ఎందుకిచ్చావే?"

"మనకిష్టమైనదే ఇవ్వాలంది టీచరు. అది నీకెంత ఇష్టమో! ఇష్టంకొద్దీ వేసుకోవు కూడా."

బతిమాలినా, బెదిరించినా, మక్రూద్ మిఠాయి ఎర చూపినా పిల్ల నోరు విప్పలేదు. తీజానీకి అక్క సంగతి తెలుసు. అక్క నేసిన తివాచీని గాడిదబండిలో పరిచాడని పెద్దన్నతో ఆవిడ మూడేళ్లు మాట్లాడలేదు. అక్క తనతో మాట మానేస్తే తనకిక అమ్మ లేనట్టే.

ఇచ్చిన దానం వెనక్కి అడిగితే వీధిలో తలెత్తుకోలేడు. అందుకని పొరుగింటి జలీలా దగ్గరికి వెళ్లి నసిగాడు. "ఏం లేదు, బట్టల సంగతి కనుక్కుందామని... మీ ఇంట్లో బుర్నూసులూ కోట్లూ ఏమైనా ఉన్నాయా అని..."

"పండగ ముందు పేదల కోసం తిరుగుతున్నావా! ఎంత మారిపోయావయ్యా! నువ్వు ఇంటికెళ్లు, వీధివీధంతా పంపిస్తాం."

కాదంటే మరెందుకడిగావంటుంది. తీజానీ తలూపాడు.

ఆ తలూపడమే కొంప ముంచింది. మధ్యాహ్నానికి మూటలు రావడం మొదలైంది. రొట్టెల బట్టీవాడు ఏకంగా బండెడు తెచ్చి దింపాడు. కుప్ప గుమ్మం దాటి నడవలోకి, నడవ దాటి భోజనాల గదిలోకి వచ్చింది. "వదినగారిని ఎక్కడ కూర్చోబెట్టను, ఈ కుప్పమీదా?" అని నజీహా గరిటెతో నిలబడింది. తీజానీ మాత్రం ఒక్కో మూటా విప్పి వెతుకుతూనే ఉన్నాడు. దలండా వచ్చేసరికి అతని తల ఒక సంచిలో ఉంది.

"ఒరే తీజానీ, బుర్నూసేదిరా?"

"రోజూ కప్పుకుంటానక్కా... ఇవాళే ఉతికి ఆరేశా."

"ఎక్కడ, ముసలి సాలెం ఒంటిమీదా? తెల్లవారుజామున సహరీ భోజనానికి డప్పు కొట్టి మిమ్మల్ని లేపేవాడు నెల్లాళ్లుగా ఈ చలిలో పల్చటి చొక్కాతో తిరిగాడట. మలుపులో కనిపించాడు. ఎవరిచ్చారంటే, చెప్పొద్దని పాప ఒట్టు పెట్టించుకుందన్నాడు. మనిషంతా నాఫ్తలీన్ వాసన."

దలండా పిల్లను దగ్గరికి లాక్కుని నుదుట ముద్దుపెట్టుకుంది. ఆవిడ కళ్లు తడిసిపోయాయి.

"రెండు చలికాలాలూ పెట్టె కోసం నేశానన్నమాట. మనిషి కోసం నేసినట్టయింది నిన్ననే."

తర్వాత తమ్ముడి వంక తిరిగింది. "మరి నీకు చలి వేయదట్రా?" అంటూ బట్టీవాడి మూటలోకి చెయ్యిపెట్టి, చేతికందినది లాగి అతని ఒళ్లో పడేసింది. "ఇది తొడుక్కో. రేపు ఇవన్నీ చిరుగులు కుట్టించి, నువ్వే ఇంటింటికీ పంచు."

నీలంకోటు! తొడుక్కోవడానికి పనికిరాక, ఏడాదిపాటు వీధిలో ఇంటింటికీ దానంగా వెళ్లి, చివరికి సొంతింటికి చేరింది.

ఉపవాసం విడవొచ్చని చెప్పే సూర్యాస్తమయపు ఫిరంగి పేలింది. తీజానీ గుండీల్లేని కోటును ఒకచేత్తో దగ్గరికి పట్టుకుని, రెండోచేత్తో ఖర్జూరం అందుకున్నాడు. అక్క అతని గిన్నెలో సూపు పోసింది. ఎమ్నా వచ్చి పక్కన కూర్చుని, కోటును ఎగాదిగా చూసి, తండ్రి చెవిలో గుసగుసలాడింది.

"ఇది నీకెవరు దానమిచ్చారో నేను అడగనులే నాన్నా."

తీజానీ కూడా చెప్పలేదు.