విరిగిన సోయా పాలు, విరగని బావ

"ప్రపంచంలో అసలైన డిటెక్టివులు ఇద్దరే ఇద్దరు. రెండోవాడు ఇంకా పుట్టలేదు."

ఈ మాట అన్నది మా బావ. అన్నప్పుడు మా వంటగదిలో స్టూలెక్కి నిలబడి ఉన్నాడు. కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమ చెప్పు కుడి కాలికి ఉన్నాయి. నేనేమీ అనలేదు.

బావ అంటే మా అక్క మొగుడు. పార్సిల్ ఆఫీసులో ముప్పై రెండేళ్లు మూటల మీద ముద్రలు వేసి రిటైరయ్యాడు. అన్ని మూటలు చూసినవాడికి మనుషుల లోపల ఏముందో చూడటం ఒక లెక్కా అంటాడు. రిటైరైన వారానికే భూతద్దం కొన్నాడు. మొదటి కేసు మా అక్క కళ్లజోడు. నాలుగు రోజులు పరిశోధించి పక్కింటివాళ్ల మీద అనుమానం ప్రకటించాడు. ఐదో రోజు కళ్లజోడు బావ చొక్కా జేబులోనే దొరికింది.

"చూశావా, నన్నే ఇరికించాలని పెట్టారు," అన్నాడు.

పక్కింటివాళ్లు ఇప్పటికీ మా అక్కతో మాట్లాడరు.

నేను తాళాలు బాగుచేసుకు బతికినవాణ్ణి. ఇంట్లో నేనూ మా అమ్మాయీ ఉంటాం. అది రెడీమేడ్ బట్టల కంపెనీలో ఎనిమిదేళ్లు కాజాలు కుట్టి, పోయిన నెల మానేసింది. మా వీధి చివర లైబ్రరీలో మెట్ల పక్కన ఒక చిన్న గది ఖాళీగా ఉంది. అందులో కాఫీ అమ్మాలని దాని కోరిక. పాత ఎస్ప్రెస్సో మెషీను ఒకటి తెచ్చుకుంది కూడా. అయితే గది ఎవరికివ్వాలో తేల్చేది లైబ్రరీ మేడం. ఆవిడకు ఆవు పాలు పడవు, గేదె పాలూ పడవు.

"నాలాంటివాళ్లు అక్కడ చాలామందే ఉన్నారమ్మా. గింజల పాలతో మంచి కాఫీ ఇవ్వగలిగితే గది నీది. లేదంటే జ్యూసు కొట్టాయనకు ఇచ్చేస్తాను. శనివారం పదింటికి మీ ఇంటికే వచ్చి రుచి చూస్తాను," అన్నది.

గది రాకపోతే మా అమ్మాయికి వెనక్కి పోవడానికి కాజాలు కూడా లేవు. దాని మిషను ముందు అప్పటికే ఇంకో పిల్ల కూర్చుంది.

పాపం, అన్ని పాలూ చూసింది. కొబ్బరి పాలు పోస్తే కాఫీ మీద నూనె తేలింది. ఓట్లు నానబెట్టి రుబ్బి తీసిన పాలు వేడికి బంకయ్యాయి, చెంచా నిలబెడితే నిలబడింది. బాదం పాలు, సోయా పాలు రుచికి బాగానే ఉన్నాయిగాని కప్పులో పడీ పడగానే విరిగిపోయాయి. మెషీనుకు పాలు కాచే ఆవిరి గొట్టం పూడిపోయింది. అందుకని ఫ్రిజ్‌లోంచి తీసిన పాలను చిన్న బ్యాటరీ కవ్వంతో నురగ చేసి, పొగలు కక్కే కాఫీలో గబగబా పోసేది. గబగబా ఎందుకంటే, మా వంశంలో కాఫీ అంటే నాలుక కాలాలి. చల్లారిన కాఫీ ఇవ్వడం వచ్చినవాణ్ణి మెడపట్టి గెంటడంతో సమానం.

గురువారం పొద్దున బావ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. కప్పులో తేలుతున్న తరకలను భూతద్దంతో చూశాడు.

"ఇవి విరిగిన పాలు కావమ్మాయ్. విరిచిన పాలు."

"ఎవరు విరిచారు మావయ్యా?"

"అక్కడే ఉంది కథంతా. ప్రతి తరక వెనకా ఒక మనిషి ఉంటాడు."

ఒక చెంచా తీసి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు. "విషం," అన్నాడు.

"బతికే ఉన్నావుగా మావయ్యా?"

"నిదానంగా పనిచేసే రకం."

నిర్ధారణ కోసం ఇంకో చెంచా తీసుకున్నాడు. తర్వాత కప్పు ఖాళీ అయింది. చక్కెర కాస్త తక్కువైందన్నాడు.

ఆ తర్వాత నేల మీద పడ్డాడు. బాదం పాలు వడగట్టిన పిప్పి కొంత గచ్చు మీద ఒలికి ఉంది. అందులో ఒక జత అడుగు ముద్రలు కనిపించాయి. బావ టేపు పెట్టి కొలిచాడు.

"తొమ్మిదో నంబరు చెప్పు. మడమ ఈడ్చి నడుస్తాడు. కుడికాలి చెప్పు ఎడమ పక్కన పడింది. అంటే మతి స్థిమితం లేనివాడు. పరమ దుర్మార్గుడు!"

నేను బావ కాళ్ల వంక చూశాను. నేనేమీ అనలేదు.

"నాకు తెలిసిపోయింది. జ్యూసు కొట్టువాడు. గది వాడికి కావాలి. వాడికి కారణం ఉంది, కాలూ ఉంది," అంటూ లేచాడు.

శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని జ్యూసు కొట్టుకు పోయాడు. మారువేషంలో. మారువేషమంటే నల్ల కళ్లద్దాలు, ఉన్ని కోటు, ఉన్న మీసం మీద ఇంకో మీసం. ఒక మూల కూర్చుని వరసగా ఐదు గ్లాసులు తాగాడు. డిటెక్టివు ఊరికే కూర్చుంటే అనుమానమొస్తుందట.

ఐదో గ్లాసుకు జ్యూసు కొట్టాయన దగ్గరికొచ్చాడు. "బాబాయిగారూ, మీ మీసం గ్లాసులో పడింది. తీసివ్వమంటారా?"

బావ చటుక్కున లేచాడు. "నిన్న పొద్దున ఏడింటికి ఎక్కడున్నావ్?"

"ఇక్కడే. దానిమ్మకాయలు ఒలుస్తున్నా."

"సాక్షులెవరు?"

"మీరేగా! పొద్దున్నే వచ్చి మూడు గ్లాసులు తాగెళ్లారు. అప్పుడు మీసం ఒకటే ఉంది."

బావ గ్లాసులోంచి మీసం తీసి, పిండి జేబులో పెట్టుకున్నాడు.  ఇంటి గుమ్మం దగ్గర ఆగి నా వైపు ఒకలా చూశాడు.

"అయితే ఇది ఇంటి దొంగ పని," అన్నాడు.

శనివారం పొద్దున ఎనిమిదింటికే దిగాడు. ఫ్రిజ్ తెరిచి, ఉన్న రెండు సోయా పాల సీసాల్లో ఒకటి తీసి కోటు లోపల చంకలో పెట్టుకున్నాడు.

"ఈ క్షణం నుంచి ఈ సీసా నా అదుపులో ఉంది."

"మావయ్యా, పాడైపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టు!"

"నా చంక కన్నా భద్రమైన చోటు ఈ భూమ్మీద లేదమ్మాయ్."

మా అమ్మాయి నా వైపు చూసింది. రెండు రాత్రుల నుంచి నిద్రలేని కళ్లు. దానికి బావతో పోట్లాడే ఓపిక లేదు.

మేడం సరిగ్గా పదింటికి వచ్చింది. మా అమ్మాయి మెషీను నొక్కింది. నల్లటి కాఫీ సన్నటి ధారగా కప్పులోకి దిగింది. అమ్మాయి చెయ్యి చాచింది.

"మావయ్యా, సీసా."

"ఆగు!" అని బావ గది మధ్యకొచ్చి నిలబడ్డాడు. "ఎవరూ కదలొద్దు. నేరస్తుడు ఈ గదిలోనే ఉన్నాడు."

మేడం కుర్చీలో సర్దుకుంది. "ఎవరీయన?"

"మా మావయ్యండి," అన్నది మా అమ్మాయి, తల దించుకుని.

బావ మొదలుపెట్టాడు. పార్సిల్ ఆఫీసులో చేరిన రోజు నుంచి మొదలుపెట్టాడు. మూటల్లో ఎన్ని రకాలో చెప్పాడు. మూటలకూ మనుషులకూ పోలికలు చెప్పాడు. తన మీద జరగబోయి జరగని మూడు హత్యాప్రయత్నాల గురించి చెప్పాడు. మేడం నాలుగుసార్లు గడియారం చూసుకుంది. మా అమ్మాయి రెండుసార్లు చెయ్యి చాచింది. రెండుసార్లూ బావ సీసాను చంకలో ఇంకా గట్టిగా బిగించాడు.

"చివరికి తేలిందేమిటి?" అని వేలు తిప్పి తిప్పి నా మీద ఆపాడు. "పాలు విరగ్గొట్టింది వీడు! నా సొంత బావమరిది!"

నేనేమీ అనలేదు.

"చూశారా, మాట్లాడడు! మాట్లాడనివాడు ఎప్పుడూ ఏదో దాస్తాడు. అమ్మాయి ఉద్యోగం మానేసిన రోజు వీడు ఒక్క మాటన్నాడా? మంచిదన్నాడా? వద్దన్నాడా? కూతురు మళ్లీ కాజాలకు పోవాలని వీడి కోరిక!"

 మా అమ్మాయి నా వైపు తిరిగింది.

"నిజమా నాన్నా? ఆ రోజు నువ్వేమీ అనలేదు. నీకిష్టం లేదా?"

బావ చెప్పినవాటిలో అరవై పాళ్లు అబద్ధం, ముప్పై తొమ్మిది మూటల సంగతి. మిగిలిన ఒక్కటీ వచ్చి నాకు తగిలింది. నేను నిజంగానే ఆ రోజు ఏమీ అనలేదు.

"ఇష్టమే తల్లీ. భయమేసింది, అంతే," అన్నాను.

ఆ నెలకు అదే నా పెద్ద ఉపన్యాసం. మా అమ్మాయి కళ్లు తుడుచుకుంది. బావ నోరు తెరిచి అలాగే ఉన్నాడు, నేరస్తుడు ఇలా మాట్లాడతాడని ఆయన అనుకోలేదు.

మేడం లేచింది. "నాకు పదకొండింటికి మీటింగుంది," అని బావ చంకలోంచి సీసా లాగి, కవ్వమూ నురగా ఏమీ లేకుండా తనే కప్పులో పోసుకుంది.

మా అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి కప్పులో తరకలు లేవు. ముదురు తేనె రంగులో కాఫీ నున్నగా ఉంది.

మేడం తాగింది. ఇంకోసారి తాగింది. "బాగుందే! ఇంకో కప్పు ఇవ్వు," అన్నది.

మా అమ్మాయి సంబరంగా ఫ్రిజ్‌లోంచి రెండో సీసా తీసి, వేడి వేడి కాఫీలో గబగబా పోసింది. ఠక్కున విరిగింది.

"మళ్లీ దాడి!" అని బావ అరిచాడు.

"ఉండు మావయ్యా," అని అమ్మాయి ఒక చేత్తో ఈ సీసా, ఇంకో చేత్తో ఆ సీసా పట్టుకుంది. ఒకటి మంచుగడ్డ. ఇంకోటి బావ చంక వేడికి గోరువెచ్చగా ఉంది. మొదటి కప్పు బావ మాట్లాడినంతసేపూ చల్లారింది కదా. మా అమ్మాయి నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టింది. చల్లటి సీసాను వేడినీళ్లలో దించి, ఇంకో కప్పు కాఫీ తీసి, ఏమీ చేయకుండా చేతులు కట్టుకుని నిలబడింది. మా వంశంలో ఎవరూ చేయని పని. కాసేపాగి పోసింది. విరగలేదు.

మేడం ఆ కప్పు కూడా తాగింది. "గది నీదమ్మాయ్, సోమవారం నుంచి పెట్టుకో," అని వెళ్లిపోయింది.

బావ భూతద్దం తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా పద్ధతి ఎప్పుడూ ఇంతే. నేరస్తుణ్ణి కదలనివ్వకుండా, కాఫీని మరగనివ్వకుండా నెట్టుకొస్తాను," అన్నాడు.

ఇప్పుడు కాఫీ గది నడుస్తోంది. ఒకటే చిక్కు. కాఫీ కాస్త చల్లారేదాకా జనం ఆగరు, గొణుగుతారు. అందుకని మా అమ్మాయి బావను రోజూ పొద్దున రమ్మంది. కప్పు దించి పాలు పోసేలోపు ఆయన వచ్చినవాళ్ల మధ్య నిలబడి నేరస్తుడు ఈ గదిలోనే ఉన్నాడంటాడు. లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదు కాబట్టి గుసగుసగా అంటాడు. జనానికి బాగానే కాలక్షేపమవుతోంది.

నిన్న ఒక లెక్కల మాస్టారు క్యూలో ఉన్నాడు. బావ వేలు తిరిగి తిరిగి ఆయన మీద ఆగింది. మాస్టారి మొహం పాలిపోయింది.

"అవును బాబూ, నేనే. పదకొండేళ్ల కింద తీసుకెళ్లిన పుస్తకం, రెండో భాగం, ఇంకా మా ఇంట్లోనే ఉంది," అన్నాడు.

బావ వేలు దించేశాడు. మెల్లగా వెనక్కి నడిచి నా పక్కకొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఒరేయ్, ఇంతవరకూ ఎవడూ ఒప్పుకోలేదురా. ఇప్పుడేం చెయ్యాలి?"

"కాఫీ తాగమను," అన్నాను.